హెల్మెట్ పెట్టుకుని పగడాల మధ్యకు: అండమాన్‌లో సీ వాక్ ఎలా చేయాలి

ఈత రాదు. కళ్లజోడు తీస్తే ఎదుటి మనిషి మొహం కూడా ఆనదు. తల నీళ్లలో పెట్టాలంటేనే గుండె దడ. ఈ మూడూ ఉన్నవాళ్లు కూడా సముద్రం అడుగున నిలబడి, పగడాల మధ్య తిరిగే చేపల్ని కళ్లారా చూడొచ్చు. అండమాన్‌లో దీన్ని సీ వాక్ అంటారు. భుజాల మీద పెద్ద హెల్మెట్ ఆనించి, నిచ్చెన మీదుగా నీళ్లలోకి దించుతారు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని చేసే స్కూబా డైవింగ్‌లో లాగా నోట్లో గొట్టం కరిచి పట్టుకునే పని లేదు. ముక్కుతోనే మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. జుట్టు తడవదు.

అడుగున ఉండేది పదిహేను, ఇరవై నిమిషాలు. చాలామందికి అందులో సగం చెవినొప్పితోనో, కంగారుతోనో, కెమెరాకి పోజులివ్వడంతోనో గడిచిపోతుంది. చుట్టూ చేపలుంటాయి, చూసింది మాత్రం తక్కువ. కొన్ని సంగతులు ముందే తెలుసుకుని దిగితే ఆ నిమిషాలన్నీ చేపలకే మిగులుతాయి. కింద రాసిందంతా అందుకోసమే.

లోపలికి నీళ్లు ఎందుకు రావు

ఇది అర్థమైతే సగం భయం పోతుంది. ఖాళీ గ్లాసును బోర్లించి నిటారుగా బకెట్లో ముంచితే లోపల గాలి అలాగే నిలిచి ఉంటుంది కదా, హెల్మెట్ పనిచేసేదీ అలాగే. దాని అడుగు భాగం తెరిచే ఉంటుంది. పైన నీటి మీద తేలే ప్లాట్‌ఫారం నుంచి కంప్రెసర్ ఒక పొడవాటి గొట్టం ద్వారా గాలిని ఆపకుండా పంపుతుంటుంది. ఎక్కువైన గాలి కింది నుంచి బుడగలుగా బయటికి పోతుంది. నీళ్లు మీ గడ్డం దగ్గరో, కాస్త కిందో ఆగిపోతాయి. చూపు కిందికి దించితే ఆ నీటి అంచు గడ్డం కింద కదులుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు నీళ్లు ఎక్కి వస్తున్నాయనుకుంటారు. రావు. గాలి వస్తున్నంతసేపూ అక్కడే ఉంటాయి.

గ్లాసును పక్కకి వంచితే ఏమవుతుంది? గాలి బుడుంగుమని పోయి నీళ్లు నిండుతాయి. సీ వాక్‌లో ప్రాణం లాంటి నియమం ఇందులోంచే వచ్చింది: నడుము వంచకూడదు, తల వంచకూడదు. కింద ఉన్నదేదైనా దగ్గరగా చూడాలంటే వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్లు మడిచి కిందికి దిగాలి. పక్కకి చూడాలంటే ఒంటిని మొత్తం తిప్పాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో చార్లెస్ డీన్ 1823లో పొగలోకి వెళ్లి మంటలార్పేవాళ్ల కోసం ఒక హెల్మెట్‌కు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత అతనూ, సోదరుడు జాన్ కలిసి దాన్నే నీళ్లలోకి దిగడానికి వీలుగా మార్చారు. అదీ అడుగు తెరిచి ఉండేదే. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1836లో వాళ్లు చూసింది ఆ హెల్మెట్లతోనే. మీ భుజాల మీద పెట్టేది దానికి మునిమనవడు.

ఎక్కడ దిగాలి

అండమాన్‌లో ప్రధానంగా రెండు చోట్లు. మొదటిది నార్త్ బే. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దీని పేరు శ్రీ విజయపురం) అబర్డీన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కితే కాసేపట్లో చేరుకుంటారు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ ఉండేవి గుర్తుందా? ఆ దృశ్యం నార్త్ బేదే. రెండోది స్వరాజ్ ద్వీప్‌లోని (పాత పేరు హావ్‌లాక్) ఎలిఫెంట్ బీచ్. జెట్టీ నుంచి పడవలోనూ వెళ్లొచ్చు, అడవిలోంచి నడిచీ వెళ్లొచ్చు.

నన్నడిగితే స్వరాజ్ ద్వీప్‌కి ఎలాగూ వెళ్తున్నవాళ్లు ఎలిఫెంట్ బీచ్‌నే ఎంచుకోవాలి. ఊరికీ ఓడరేవుకీ దూరం కాబట్టి నీళ్లు తేటగా ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లతో వచ్చి, రెండు మూడు రోజుల్లో తిరిగి వెళ్లిపోయే కుటుంబాలకు నార్త్ బే సులువు. మనిషికి ఇంచుమించు మూడు నుంచి నాలుగు వేల రూపాయల మధ్య అడుగుతారు. అందులో ఫోటోలు, వీడియో కలిసి ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోండి. ఈ బీచ్‌లకు వారంలో ఒకరోజు సెలవు ఉండొచ్చు, గాలి ఎక్కువైన రోజు పడవలే ఆపేస్తారు. అందుకే ప్రయాణంలో చివరి రోజుకి దీన్ని పెట్టుకోవద్దు.

మొదటి రోజుల్లో పెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక్కసారి డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలని డైవింగ్ భద్రతా సంస్థలు చెబుతాయి. ఆరేడు మీటర్ల లోతులో ఇరవై నిమిషాలకు ముప్పు చాలా తక్కువే. అయినా పొద్దున సీ వాక్, మధ్యాహ్నం ఫ్లైట్ అనే ప్లాను ఎవరు వేసిచ్చినా ఒప్పుకోకండి.

కాలం సంగతికొస్తే, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. మే చివరి నుంచి నైరుతి రుతుపవనాలు వచ్చి నీళ్లు కలగిపోతాయి. రోజులో పది నుంచి పన్నెండు గంటల మధ్య మంచి సమయం, సూర్యుడు నడినెత్తికి వచ్చేకొద్దీ వెలుగు సూటిగా అడుగుదాకా దిగుతుంది. మనకంటే బాగా తూర్పున ఉండటంతో అక్కడ చలికాలంలో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. "మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వెళ్దాం" అనే లెక్క అక్కడ కుదరదు.

ఎవరు దిగకూడదు

జలుబు, సైనస్, చెవిలో చీము, కర్ణభేరికి చిల్లు, ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, ఈమధ్య జరిగిన ఆపరేషన్, గర్భం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దిగొద్దు. బీపీ మందులు వాడేవాళ్లు ఊళ్లో బయల్దేరకముందే డాక్టరుని అడగండి, జెట్టీ దగ్గర టికెట్లు అమ్మే కుర్రాణ్ణి కాదు. అక్కడ ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటారు. డబ్బు కట్టేశాం కదా అని అన్నింటికీ "లేదు" అని టిక్కులు కొట్టేయడం చాలాసార్లు చూశాను. ఆ ఫారంలోని ప్రశ్నలు మీ కోసమే, చదివి నింపండి.

జలుబు ఉన్నప్పుడు ముక్కు దిబ్బడ పోయే మాత్ర వేసుకుని దిగడం మరీ ప్రమాదం. మాత్ర పనిచేస్తున్నంతసేపు బాగానే ఉంటుంది. మధ్యలో దాని ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో చిక్కుకుపోతుంది.

ముందురోజు రాత్రి మందు వద్దు. ఉదయం రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో తిని వెళ్లండి. పూరీలు తిని పడవెక్కితే వాంతి ఖాయం.

ఏం వేసుకోవాలి

ఒంటికి పట్టి ఉండే లెగ్గింగ్, పొడుగు చేతుల టీషర్టు చాలు. చున్నీ, చీర, వదులు కుర్తా వద్దు, నీళ్లలో పైకి తేలి మొహానికి అడ్డం పడతాయి. హెల్మెట్ బరువంతా భుజాల మీదే ఉంటుంది. మెడలో గొలుసు ఉంటే దాని కింద నలిగి చర్మం గీరుకుపోతుంది. మంగళసూత్రం, నల్లపూసలు తీయడం ఇష్టం లేనివాళ్లు వాటిని టీషర్టు లోపలికి దోపి, భుజాల మీద కాకుండా గుండెల మీదకి వచ్చేలా పిన్ను పెట్టుకోండి. కళ్లజోడు ఉంచుకోవచ్చు. స్కూబా మాస్కులో కుదరనిది ఇక్కడ కుదురుతుంది. సైటు ఎక్కువ ఉన్నవాళ్లకు సీ వాకే మేలని నేను చెప్పేది అందుకే.

సన్‌స్క్రీన్ పూసుకుని నీళ్లలోకి దిగకండి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడాలకు హాని చేస్తుందన్న ఆందోళనతో అది ఉన్న క్రీముల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. పొడుగు చేతుల టీషర్టు ఉంటే ఆ అవసరమే రాదు.

పైన ఉన్నప్పుడే అడగాల్సినవి

సిగ్గుపడకుండా మూడు సంగతులు అడగండి. ఒకటి, నాతోపాటు కింద స్కూబా వేసుకున్న గైడు ఉంటాడా, ఒక్కో గైడుకి ఎంతమంది? రెండు, కంప్రెసర్ ఆగిపోతే ఏం చేస్తారు, విడిగా గాలి సిలిండర్ తగిలించి ఉందా? కంప్రెసర్ గాలి పీల్చుకునే చోటు ఇంజను పొగకి దూరంగా ఉందో లేదో మీరే చూడొచ్చు. ఆ పొగ లోపలికి వెళ్తే మీరు పీల్చేది అదే. డీజిల్ వాసన వచ్చే గాలి అయితే దిగొద్దు. మూడు, చేపలకు మేత వేస్తారా? దీని గురించి కింద చెబుతాను.

మాట్లాడటానికి హిందీ రాకపోయినా బెంగపడక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పడవల దగ్గర "అన్నా, తెలుగు వచ్చా?" అని అడిగి చూడండి, మన యాసలోనే జవాబు రావచ్చు.

కింద మాటలు వినపడవు, సైగలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగున్నాను". అరచేయి చాపి అటూ ఇటూ ఊపితే "ఏదో తేడాగా ఉంది". తర్వాత ఎక్కడో వేలితో చూపించాలి, చెవి అయితే చెవివైపు. బొటనవేలు పైకెత్తితే "నన్ను పైకి తీసుకెళ్లు" అని అర్థం. ఫోటోకి నవ్వుతూ బొటనవేలు పైకి చూపించడం మనకి బాగా అలవాటు. అలా చూపించి, చేపల్ని చూడకుండానే పైకి వచ్చేసినవాళ్లున్నారు.

నిచ్చెన, చెవులు

భుజాల దాకా నీళ్లలోకి దిగాక హెల్మెట్ పెడతారు. బయట దాని బరువు దాదాపు ముప్ఫై అయిదు కిలోలు. నీళ్లలోకి వెళ్లేకొద్దీ తేలికైపోతుంది. ఆ మిగిలిన కాస్త బరువే మిమ్మల్ని అడుగున నిలబెడుతుంది. పెట్టగానే చెవుల్లో బుస్సుమని గాలి చప్పుడు. వెంటనే దిగకండి. అక్కడే నిచ్చెన పట్టుకుని నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసుకుని వదలండి. గాలి అందుతోందని మనసుకి కాదు, ఒంటికి తెలియాలి.

ఇప్పుడు చెవుల సంగతి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి కదా, కారణం ఇక్కడా అదే. కాకపోతే గాలిలో కొన్ని వందల మీటర్లకి వచ్చే తేడా నీళ్లలో అర మీటరులోనే వచ్చేస్తుంది. పది మీటర్ల లోతుకి వెళ్తే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆరు మీటర్లకి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కర్ణభేరి వెనక ఉన్న గాలి ఆ మేరకు కుంచించుకుపోయి భేరిని లోపలికి లాగుతుంది. నొప్పి అందుకే.

మందు ఒక్కటే: ముక్కు వెనక నుంచి చెవిలోకి కాస్త గాలి పంపడం. హెల్మెట్ కింది నుంచి చేయి లోపలికి పెట్టి ముక్కు గట్టిగా మూసుకోండి, నోరు మూసి, ముక్కు చీదినట్టు మెల్లగా ఊదండి. చెవుల్లో టప్పుమంటుంది. కొందరికి గుటక వేస్తేనో, దవడ ఆడిస్తేనో సరిపోతుంది. దీన్ని హోటల్ గదిలో ముందురోజే అలవాటు చేసుకోండి. గదిలోనే చెవులు టప్పుమనకపోతే నీళ్లలోనూ అనవు.

నిచ్చెనలో ప్రతి మెట్టుకీ ఒకసారి చేయండి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. నొప్పి మొదలైందంటే ముక్కునీ చెవినీ కలిపే లోపలి గొట్టం అప్పటికే బిగిసిపోయి ఉంటుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. గట్టిగా ఊదితే చెవికి దెబ్బ. అలాంటప్పుడు సైగ చేసి ఒక మెట్టు పైకెక్కండి, సర్దుకున్నాక మళ్లీ దిగండి. గైడు తొందరపెట్టినా, వెనక భర్తో పిల్లలో ఎదురుచూస్తున్నా సరే, చెవి సర్దుకోకుండా ఒక్క మెట్టు కూడా దిగొద్దు. రెండు మూడు సార్లు ప్రయత్నించినా కుదరకపోతే పైకి వచ్చేయండి. ఆ రోజు ఆ చెవికి వీలుకాదు, అంతే.

అడుగున

కాళ్లు ఇసుకకి తగిలాక చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. చాలాచోట్ల పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంటుంది. దాన్ని పట్టుకుని కదలకుండా ఒక నిమిషం నిలబడండి. కొత్త ఆకారం దిగిందని చేపలు కాస్త దూరం జరిగి ఉంటాయి. మీరు ఊరుకుంటే తిరిగి వాటి పనుల్లో పడతాయి. చేతులు ఆడిస్తూ ముట్టుకోబోతే ఆ నిమిషం మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లలో ఏదైనా ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. చేయి చాపితే అందుతుందనిపించిన చేప అందదు.

ముందుగా గుంపుగా వచ్చేవి పసుపు వీపు, అయిదు నల్ల చారలు ఉన్న అరచేతి సైజు చేపలు. వీటిని సార్జెంట్ మేజర్ అంటారు. వీటికి భయం తక్కువ. గైడు సీసాలో బ్రెడ్డో బిస్కెట్టో తెచ్చి విదిలిస్తే మీ హెల్మెట్ చుట్టూ ముసురుకునేవి ఇవే. వీడియో బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఆ గుంపు వెనక ఉన్నదేదీ మీకు కనిపించదు, మిగతా చేపలు పక్కకి తప్పుకుంటాయి. మైదా చేపల తిండీ కాదు. మేత వద్దని పైనే చెప్పండి. మేత లేకుండా నిలబడితే ఒక్క రకం కాదు, పది రకాలు చూస్తారు.

సీ ఎనిమోన్ ఎక్కడుందో గైడుని చూపించమనండి. ఒక బండకి అతుక్కుని, వేళ్లంత కుచ్చులు అలలకి ఊగుతూ ఉండే జీవి అది. ఆ కుచ్చులు మిగతా చేపల్ని కుడతాయి. వాటి మధ్యలోంచి నారింజ రంగు మీద తెల్ల పట్టీల చిన్న చేప తల బయటపెడుతుంది. పిల్లలందరికీ తెలిసిన క్లౌన్ ఫిష్. మోకాళ్లు మడిచి దాని ఎత్తుకి దిగి చూడండి. పారిపోదు, ఎదురొస్తుంది. మీ వైపు జానెడు దూరం దూసుకొచ్చి, ఆగి, గిరుక్కున తిరిగి కుచ్చుల్లోకి దూరుతుంది. మళ్లీ వస్తుంది. ఇంత ఒళ్లున్న మనిషిని అంత చిన్న చేప ఇంటి గడప దగ్గర నిలదీస్తుంది. ఒక ఎనిమోన్‌లో ఉండే వాటన్నిటిలోకీ పెద్దది ఆడది. అది చనిపోతే దాని జోడీ మగ చేపే కొన్నాళ్లకి ఆడచేపగా మారి ఆ స్థానం తీసుకుంటుంది.

కటకటమని చప్పుడు వినిపిస్తే చిలుక చేప కోసం చూడండి. నీలి ఆకుపచ్చ రంగులు, ముందుకి పొడుచుకొచ్చిన చిలుక ముక్కులాంటి పళ్లు. వాటితో పగడపు రాయి మీది నాచుని గీకి తింటుంది. రాయి కూడా లోపలికి వెళ్లి, పొడై బయటికి వస్తుంది. మీ కాళ్ల కింద ఉన్న తెల్ల ఇసుకలో కొంత భాగం అలా వచ్చిందే. హెల్మెట్‌లో గాలి చప్పుడు ఎక్కువ కాబట్టి ఆ కటకట వినపడకపోవచ్చు. అప్పుడు రాయి మీద తెల్లటి గాట్లు వెతకండి.

పసుపు రంగు సీతాకోక చేపలు జంటగా తిరుగుతుంటే సంతోషించండి. వాటిలో చాలా రకాలు బతికున్న పగడాన్నే తింటాయి, పగడం చచ్చిన చోట పలచబడతాయి. పెద్ద చేప ఒకటి నోరు తెరుచుకుని కదలకుండా ఉంటే, దాని దవడలో వేలంత నీలి చార చేప తిరుగుతోందేమో చూడండి. అది పెద్ద చేప ఒంటి మీది పురుగుల్ని ఏరి తింటుంది, పెద్దది దాన్ని ఏమీ చేయదు.

పగడాలు ఎర్రగా ఉంటాయనుకుని నిరాశపడేవాళ్లుంటారు. ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి. ఇక్కడ గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగే ఆరోగ్యం. పగడం లోపల ఉండి దానికి తిండి పెట్టే నాచు రంగు అది. నీళ్లు బాగా వేడెక్కితే నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు చాలా మేర అలా తెల్లబోయాయి. గుండ్రటి బండలాంటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. మీరు చెయ్యానించబోయే ఆ మీటరు బండకి మీ తాత వయసు ఉండొచ్చు. ముట్టుకోకండి, ఎక్కకండి. పొడుగు నల్ల ముళ్ల సముద్రపు ముళ్లబంతి, ఈకల్లాంటి రెక్కల లయన్ ఫిష్ కనిపిస్తే మరీ దూరంగా ఉండండి, రెండూ గుచ్చుకుంటే నరకం.

కెమెరావాడికి రెండు నిమిషాలు ఇవ్వండి, చాలు. మిగతా టైము మీది.

ఏ క్షణంలోనైనా కంగారు పుడితే కమ్మీ పట్టుకుని, ఊపిరి పూర్తిగా బయటికి వదలడం మీద ధ్యాస పెట్టండి. గాలి ఆగినట్టు అనిపించినా హెల్మెట్ లోపల మిగిలిన గాలి గైడు మీ దగ్గరికి వచ్చేంతసేపు సరిపోతుంది. బొటనవేలు పైకి చూపించండి.

పైకి, ఆ తర్వాత

ఎక్కేటప్పుడు ఒకటే సూత్రం: ఊపిరి బిగపట్టకూడదు. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తి చిరగొచ్చు. మామూలుగా పీలుస్తూ, వదులుతూ, ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కండి. పైన హెల్మెట్ తీయగానే ఒక్కసారిగా ఒళ్లు బరువనిపిస్తుంది, కాసేపు కూర్చుని నీళ్లు తాగండి.

ఒడ్డున చచ్చిన పగడపు ముక్క, గవ్వ, శంఖం ఏది కనిపించినా సంచిలో వేసుకోవద్దు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చిన ముక్కకీ అదే చట్టం. విమానాశ్రయంలో స్కానర్ దగ్గర బ్యాగు తెరిపిస్తారు. పిల్లల జేబులు మీరే ఒకసారి తడిమి చూడండి.

చెవి కాస్త నిండినట్టు ఉండి సాయంత్రానికి తగ్గిపోతే కంగారు లేదు. మర్నాటికీ నొప్పి ఉన్నా, వినికిడి తగ్గినా, తల తిరుగుతున్నా, చెవిలోంచి నీరో రక్తమో వచ్చినా మళ్లీ నీళ్లలోకి దిగొద్దు. చెవిలో చుక్కలు కూడా మీ అంతట మీరు వేసుకోవద్దు. పోర్ట్ బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆస్పత్రి ఉంది, విమానం ఎక్కకముందే అక్కడ చెవి చూపించుకోండి.